లోపలి గడియ

ఎనిమిదేళ్ళ కిందట, నా పిహెచ్‌డి చివరి రోజుల్లో, ఒక కథారచయిత్రితో మాట్లాడటానికి కోస్తాలోని ఓ చిన్న పట్నానికి వెళ్ళాను. తలుపు తీయగానే ఆమె అడిగిన మొదటి మాట "నీ ఫోనేదీ?" అని. తీసి ఇచ్చాను. స్విచ్చాఫ్ చేశానని కూడా చెప్పాను. ఆమె వినిపించుకోకుండా వంటింట్లోకి నడిచి, స్టీలు బియ్యం డబ్బా మూత తీసి, నా ఫోనును బియ్యంలో కుక్కి, మూత బిగించింది. "ఇప్పుడు కూర్చో. ఏం అడుగుతావో అడుగు" అంది.

"అక్కా, ఆఫ్ చేశాను కదా" అన్నాను కాస్త నొచ్చుకుని.

"చేశావని నీకెట్లా తెలుసు? తెర నల్లబడింది, అంతేగా" అంది.

ఆమె పేరు ఇక్కడ రాయను. అంతకు ముందు ఏడాది ఆమె ఇల్లు విడిచి వచ్చేసింది. వేరే జిల్లాలో ఒక లేడీస్ హాస్టల్లో చేరింది. పాత సిమ్ తీసి పారేసి కొత్తది వేసుకుంది. అడ్రసు సొంత చెల్లెలికి కూడా చెప్పలేదు. అయిదో రోజు పొద్దున హాస్టల్ గేటు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. అతనికి తెలిసిన మనిషి ఒకడు రికార్డులు తీసి పెట్టాడట. సిమ్ మారింది కానీ ఫోను మారలేదు. ప్రతి ఫోనుకూ ఐఎంఈఐ అనే పదిహేను అంకెల సొంత సంఖ్య ఉంటుంది. సిమ్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు. ఆ అంకెలు ఏ టవర్ కింద పలుకుతున్నాయో తెలిసిపోయింది. ఆ టవర్ చుట్టుపక్కల లేడీస్ హాస్టళ్ళు మూడే ఉన్నాయి. అతను వెతికిన మూడోది ఆమెది.

ఇది ఒక్క ఆమె కథేనా? 2018లో మహారాష్ట్రలోని థానే పోలీసులు, కాల్ రికార్డులను అక్రమంగా సంపాదించి అమ్ముతున్నారని కొందరు ప్రైవేటు డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ హాస్టల్ గేటే గుర్తొచ్చింది.

నా సిద్ధాంత వ్యాసం తెలుగు స్త్రీల రచనల్లో ఉత్తరం గురించి. గృహలక్ష్మి పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన శారద లేఖల దగ్గర మొదలుపెట్టి, స్త్రీలు ఉత్తరాన్ని ఎలా వాడుకున్నారో, ఆ ఉత్తరాన్ని ఇంట్లోవాళ్ళు ముందుగా విప్పి చదవడమనే ఆచారాన్ని ఎలా తప్పించుకున్నారో రాశాను. అన్నేళ్ళూ నా దృష్టంతా ఉత్తరంలోని మాట మీదే. కవరు మీద పడే పోస్టుముద్రను నేను పట్టించుకోలేదు. ఏ ఊళ్ళో వేశారో, ఏ తారీఖున వేశారో చెప్పేది అదే. లోపలి మాట ఎవరూ చదవకపోయినా, ముద్ర చూస్తే చాలు, మనిషి ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్క మాటలు ఎవరూ వినలేదు, మెసేజులు ఎవరూ చదవలేదు. ఆమెను పట్టిచ్చింది పోస్టుముద్ర.

ఇవాళ మన ఫోన్లలో మాటను దాచే ఏర్పాట్లు బాగానే ఉన్నాయి. వాట్సాప్‌లో, సిగ్నల్‌లో వెళ్ళే సందేశాన్ని మధ్యలో ఎవరూ చదవలేకుండా కట్టుదిట్టం చేశారు. కానీ ముద్ర వేసే యంత్రం వేరే ఉంది. ఫోను లోపల ఉండే మోడెం అది. దాన్ని అదుపులో పెట్టుకోవడానికి, కుదరకపోతే వదిలించుకోవడానికి కొంతమంది చేసిన ప్రయత్నాలకు ఇప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళ చరిత్ర ఉంది. మన పత్రికల్లో ఎవరూ దాన్ని మన చరిత్రగా చూడలేదు. చూడాలని నాకనిపిస్తోంది.

ముందుగా ఆ యంత్రం సంగతి. మన చేతిలో ఉన్నది ఒక కంప్యూటర్ అనుకుంటాం. నిజానికి రెండు. ఒకటి మనకు కనిపించే తెరను, బొమ్మల్ని, యాప్‌లను నడిపేది. రెండోది టవర్లతో మాట్లాడే మోడెం. దానికి సొంత ప్రాసెసర్, సొంత సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన కంపెనీ తప్ప బయటివాళ్ళు చదవలేరు. ఫోను ఊరికే బల్ల మీద పడి ఉన్నా మోడెం పని మానదు. అది నెట్‌వర్క్‌కి తన ఉనికి తెలియజేస్తూ ఉంటుంది. ఎందుకంటే మనం ఏ టవర్ పరిధిలో ఉన్నామో తెలియకపోతే మనకొచ్చే కాల్ మనల్ని చేరదు. ఇది కుట్ర కాదు, ఆ వ్యవస్థ పనిచేసే తీరే అది. అందుబాటులో ఉండటం, ఆచూకీ దొరకడం అక్కడ రెండు వేర్వేరు విషయాలు కావు.

ఈ వ్యవస్థ పుట్టుకలోనే ఉన్న మరో సంగతి తెలిసినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. రెండో తరం మొబైల్ నెట్‌వర్క్, అంటే జిఎస్‌ఎమ్, 1991లో ఫిన్లాండ్‌లో మొదలైంది. 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్‌తో మన దేశానికీ వచ్చింది. ఆ వ్యవస్థలో ఫోను తానెవరో టవర్‌కి నిరూపించుకోవాలి. టవర్ మాత్రం తానెవరో ఫోనుకు నిరూపించుకోనక్కర్లేదు. పరీక్ష ఒకరికే. సీత నిప్పుల్లో దిగాలి, రాముడు గట్టున నిలబడి చూడాలి. ఈ లోపాన్ని వాడుకునే, నకిలీ టవర్‌లా నటించి చుట్టుపక్కల ఫోన్లన్నిటి గుర్తింపు సంఖ్యల్నీ పోగుచేసే పరికరాలు వచ్చాయి. మూడో తరంలో టవర్ కూడా నిరూపించుకోవాలన్నారు. అయిదో తరంలో శాశ్వత గుర్తింపు సంఖ్యను గాలిలో బయటపడకుండా మరుగుపరిచే ఏర్పాటు పెట్టారు. అయితే ఆ మరుగు దారిన పోయేవాడి నుంచే. సిమ్ ఇచ్చిన కంపెనీ రికార్డులో మనం ఎక్కడున్నదీ ఎప్పటిలాగే నమోదవుతుంది. అక్కకు జరిగింది నకిలీ టవర్ వల్ల కాదు, అసలు టవర్ రికార్డు వల్లే.

మోడెంను ప్రశ్నించిన తొలి ఫోన్లలో చెప్పుకోవలసింది తైవాన్‌లో పుట్టిన ఓపెన్‌మోకో. వాళ్ళు 2007లో నియో 1973, 2008లో నియో ఫ్రీరన్నర్ అనే ఫోన్లు తెచ్చారు. 1973 అంటే మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి చేత్తో పట్టుకునే ఫోను నుంచి మొదటి కాల్ చేసిన సంవత్సరం. ఫోనులోని సాఫ్ట్‌వేర్ అంతా అందరూ చదవగలిగేలా ఉండాలన్నది వాళ్ళ పట్టుదల. ఒక్క మోడెం దగ్గర మాత్రం ఆగిపోయారు. దాని సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ బయటపెట్టలేదు. ఇల్లంతా మనదే, ఒక్క గది తాళంచెవి మాత్రం మనకివ్వరు. 2009 నాటికి వాళ్ళు తర్వాతి మోడల్‌నే విరమించుకున్నారు.

2010లో ఆస్మోకామ్‌బిబి అనే ప్రయత్నం ఆ గది తలుపే తట్టింది. హెరాల్డ్ వెల్టె, మరికొందరు కలిసి జిఎస్‌ఎమ్ మోడెంకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను స్వేచ్ఛగా చదవగలిగేలా మొదటినుంచీ రాశారు. అది ఏ ఫోన్ల మీద నడిచిందనుకున్నారు? ఖరీదైన వాటి మీద కాదు. మోటరోలా సి123 లాంటి, తెర కూడా సరిగ్గా లేని, అత్యంత చవక బటన్ ఫోన్ల మీద. ఆ ఫోన్లలోని చిప్ పాతబడిపోయింది కాబట్టి, దాని వివరాలు బయటికి వచ్చాయి కాబట్టి అది సాధ్యమైంది. రోజూ వాడుకునే ఫోనుగా అది మారలేదు, పరిశోధకుల పనిముట్టుగా మిగిలింది. అయినా లోపలున్నది చదవరానిదేమీ కాదని, చదవనివ్వలేదంతేనని అది రుజువు చేసింది. చదువు గురించి మన ముత్తవ్వలకు చెప్పిన మాట, తర్వాత తేలిన నిజం కూడా ఇలాంటివే కదా!

రెండు కంప్యూటర్లలో ఎవరిది పైచేయి అన్న ప్రశ్న 2014 మార్చిలో గట్టిగా వినబడింది. ఆండ్రాయిడ్‌కు పూర్తి స్వేచ్ఛా రూపాన్ని తయారుచేస్తున్న రెప్లికెంట్ బృందం, కొన్ని శాంసంగ్ గెలాక్సీ ఫోన్లలో ఒక సంగతి కనిపెట్టింది. మోడెం ఆజ్ఞాపిస్తే ఫోనులోని ఫైళ్ళను చదవడానికి, రాయడానికి, చెరిపేయడానికి వీలిచ్చే ప్రోగ్రామ్ ఒకటి అందులో ఉంది. వాళ్ళు దాన్ని దొడ్డిదారి అన్నారు. ఆ మాట అతిశయోక్తి అని, దాన్ని ఎవరైనా దూరం నుంచి వాడినట్టు ఆధారం లేదని అన్న నిపుణులూ ఉన్నారు. ఎవరి మాట ఎంతవరకు సరైనదైనా, మోడెం ఎంత మేరకు లోపలికి రావచ్చో నిర్ణయించింది మాత్రం ఫోను కొనుక్కున్న మనిషి కాదు.

ఇక బియ్యం డబ్బా దగ్గరికి వస్తాను. 2013 జూన్‌లో హాంకాంగ్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ తనను కలవడానికి వచ్చిన లాయర్ల ఫోన్లను ఫ్రిజ్‌లో పెట్టించాడని వార్తలొచ్చాయి. ప్రపంచమంతా దాన్ని గూఢచారి నైపుణ్యంగా చెప్పుకుంది. అక్క చేసిన పనిని మాత్రం చూసినవాళ్ళు పిచ్చి అనుకునేవాళ్ళు. (నిజం చెప్పాలంటే రెండూ పూర్తిగా పనికొచ్చేవి కావు. ఫ్రిజ్ గోడలు శబ్దాన్ని కొంత ఆపుతాయి కానీ రేడియో తరంగాలను నమ్మకంగా ఆపవు. ఇంటికొచ్చాక నేనూ మా డబ్బాలో ఫోను పెట్టి చూశాను. ఇంకో ఫోనుతో చేస్తే బియ్యంలోంచి గలగలా మోగింది. మూత సందు చాలు తరంగానికి.)

"తెర నల్లబడింది, అంతేగా" అన్న అక్క ప్రశ్ననే, అంతకు ముందే, మరో చోట మరొకరు అడిగారని తర్వాత తెలిసింది. 2016 జూలైలో ఎమ్‌ఐటి మీడియా ల్యాబ్‌లో జరిగిన ఒక సభలో, హార్డ్‌వేర్ ఇంజనీరు ఆండ్రూ హువాంగ్, మాస్కో నుంచి వీడియోలో స్నోడెన్, ఇద్దరూ కలిసి ఒక పత్రం సమర్పించారు. ఫ్లైట్ మోడ్ అనేది తెర మీద ఒక బొమ్మ మాత్రమేనని, లోపల రేడియో నిజంగా ఆగిందో లేదో ఆ బొమ్మ చెప్పలేదని వాళ్ళ వాదన. ఫోనులో దొంగ సాఫ్ట్‌వేర్ చేరితే, తెర మీద విమానం బొమ్మ చూపిస్తూనే లోపల ప్రసారం చెయ్యగలదు. అందుకని ఐఫోన్ 6 లోపల, సిమ్ పెట్టే సందు గుండా సన్నని తీగలు పంపి, రేడియో చిప్‌ల కదలికను నేరుగా గమనించే చిన్న పరికరాన్ని రూపొందించారు. ఆ పరికరం ఫోనును నమ్మదు. ఫోను మౌనంగా ఉన్నానంటే, ఉందో లేదో తానే చూసుకుంటుంది.

ఆ పత్రానికి ప్రేరణగా వాళ్ళు చెప్పిన పేరు ఒక స్త్రీది. మేరీ కోల్విన్. లండన్ సండే టైమ్స్‌కు రాసిన అమెరికన్ విలేఖరి. 2001లో శ్రీలంక యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకుని, ఆ కంటికి నల్ల గుడ్డ కట్టుకుని మళ్ళీ యుద్ధాల మధ్యకే వెళ్ళిన మనిషి. 2012 ఫిబ్రవరి 22న సిరియాలోని హోమ్స్ నగరంలో, బాబా అమ్ర్ పేటలో, తాత్కాలిక ప్రెస్ కేంద్రం మీద ప్రభుత్వ సైన్యం కురిపించిన గుండ్లకు ఆమె, ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ రెమీ ఓష్లిక్ చనిపోయారు. ఆమె ప్రసారాల సంకేతాలను పట్టుకుని, దానికి ఒక వేగు చెప్పిన కబురు జోడించి, కావాలనే గురిపెట్టారని ఆమె కుటుంబం 2016లో అమెరికా కోర్టులో దావా వేసింది. 2019 జనవరిలో కోర్టు సిరియా ప్రభుత్వాన్ని బాధ్యురాలిగా తేల్చి, ముప్ఫై కోట్ల డాలర్లకు పైగా పరిహారం విధించింది. కోల్విన్ వాడింది ఉపగ్రహ పరికరాలు, మామూలు మొబైల్ మోడెం కాదు. అయినా సూత్రం ఒకటే. ఆమె నోరు మూయడానికి ఆమె ఏం చెబుతోందో వినక్కర్లేదు. ఎక్కడి నుంచి చెబుతోందో తెలిస్తే చాలు.

హువాంగ్, స్నోడెన్‌ల పరికరం బజారుకు రాలేదు. కానీ "ఆఫ్ అంటే నిజంగా ఆఫేనా?" అన్న ప్రశ్న అప్పటికే కొందరిని కదిలించింది. 2017లో ప్యూరిజమ్ అనే అమెరికన్ కంపెనీ లిబ్రెమ్ 5 అనే ఫోను తయారీకి జనం నుంచి ముందస్తు చందాలు అడిగింది. అప్పటి ధర 599 డాలర్లు. 15 లక్షల డాలర్లు లక్ష్యంగా పెట్టుకుంటే అంతకు మించి వచ్చింది. ఆ ఫోను పక్కన మూడు మీటలు ఉన్నాయి. ఒకటి మోడెంకు, ఒకటి వైఫై, బ్లూటూత్‌లకు, ఒకటి కెమెరా, మైకులకు. ఇవి తెర మీద బొమ్మలు కావు. మన ఇంటి గోడ మీది లైటు స్విచ్చి లాంటివి. నొక్కితే కరెంటే ఆగిపోతుంది. మూడూ ఆపేస్తే జిపిఎస్ కూడా ఆగుతుంది. మోడెంను ప్రధాన ప్రాసెసర్‌తో కలిపేయకుండా విడి కార్డుగా అమర్చారు, కావాలంటే ఊడదీసి పక్కన పెట్టుకోవచ్చు. 2019 చివర్లో ఫోన్లు పంపడం మొదలుపెట్టారు. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు చాలామంది.

పైన్64 అనే మరో సంస్థ 2020లో తెచ్చిన పైన్‌ఫోన్ అప్పటి ధర 149 డాలర్లు. దాని వెనక మూత తీస్తే ఆరు బుల్లి మీటలు. అందులో మొదటిది మోడెంది. అందులో ఉన్న క్వెక్టెల్ మోడెం తనంతట తాను ఒక లినక్స్ కంప్యూటర్. ఇంటి వెనక చిన్న వాటా అనుకుంటే దానికీ వేరే వంటగది ఉందన్నమాట. ఆ ఫోను వాడేవాళ్ళే పూనుకుని ఆ లినక్స్ భాగాన్ని తిరగరాశారు. టవర్‌తో నేరుగా మాట్లాడే అడుగు పొర మాత్రం మళ్ళీ మూతపడే ఉంది.

అసలు మోడెమే వద్దనుకున్న దారి కూడా ఒకటుంది. అదే ఆండ్రూ హువాంగ్ 2020లో ప్రికర్సర్ అనే చేతి పరికరానికి చందాలు సేకరించాడు. అందులో మొబైల్ మోడెం లేదు. వైఫై చిప్‌ను కూడా నమ్మదగని అతిథిలా వేరే గదిలో ఉంచాడు. కాల్స్ రావు. సందేశాలు, రహస్యాలు దాచుకోవడానికే అది. అంటే దాదాపు పదమూడేళ్ళ ప్రయాణం చివర, నాలుగు గోడల మధ్య గడియ వేసుకున్న ఒక గది దగ్గరికి చేరాం. 1929లో వర్జీనియా వుల్ఫ్ స్త్రీకి సొంత గది కావాలన్నప్పుడు ఆ గది తలుపుకు తాళం కూడా అడిగిందని మనం ఎన్నో సభల్లో చెప్పుకున్నాం. గది దొరికినవాళ్ళకు కూడా ఆ తాళం సంగతి తేలనే లేదు.

ఈ కథలో మీటను దేవుణ్ణి చెయ్యడం నాకిష్టం లేదు. మీట వేసి ఉన్నంతసేపూ ఆ ఫోను కూడా అన్ని ఫోన్లలాగే టవర్‌కి తన చోటు చెబుతుంది. మీట కన్నా మోడెంను లోపల గట్టిగా కట్టడి చెయ్యడమే ముఖ్యమని, దాని చేతులు ఫోనులోని మిగతా భాగాల దాకా రాకుండా చూడాలని వాదించేవాళ్ళున్నారు. గ్రాఫీన్ ఓఎస్ లాంటి వ్యవస్థలు ఆ దారిలో పనిచేశాయి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12, మోడెం సహకరించే ఫోన్లలో పాత 2జీని ఆపేసుకునే అవకాశం ఇచ్చింది. అన్నిటికన్నా పెద్ద మాట ఇంకొకటి. మన స్త్రీలలో ఎక్కువమందికి ప్రమాదం మోడెం లోతుల నుంచి రాదు. పాస్‌వర్డ్ తెలిసిన భర్త నుంచి, "ఫోను చూపించు" అనే అన్న నుంచి వస్తుంది. ఇంటికంతా ఒకే ఫోను ఉన్న ఆడవాళ్ళకు ఆరు మీటల సంగతి ఎవరు చెబుతారు? 599 డాలర్లు ఎవరి దగ్గరున్నాయి? ఈ పరికరాల చరిత్ర రాసినవాళ్ళలో, వాడినవాళ్ళలో ఈ ప్రశ్నలు నాకు చాలా తక్కువగా వినిపించాయి.

కానీ మీట అనేది ఎప్పటికీ కొందరి విలాసమేనా? ఇక్కడ మన దేశంలో జరిగిన ఒక సంగతి గుర్తుచేసుకుందాం. మన దేశంలో అమ్మే ప్రతి కొత్త మొబైల్ ఫోనులోనూ 2017 జనవరి 1 నుంచి పానిక్ బటన్, 2018 జనవరి 1 నుంచి జిపిఎస్ ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిబంధన పెట్టింది. స్త్రీల రక్షణ కోసమని చెప్పింది. ఆపదలో ఉన్న మనిషి ఆచూకీ దొరకాలి, దాన్ని నేను కాదనను. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దిశ యాప్ కూడా అదే నమ్మకం మీద నిలిచింది. కానీ చూడండి, మన పేరు మీద, మన కోసం ఆలోచించినప్పుడల్లా వ్యవస్థకు తట్టేది ఒక్కటే, ఆడమనిషి ఎక్కడుందో ఇంకా బాగా తెలియాలి. ఆమె ఎక్కడుందో తెలియకుండా ఉండటం కూడా రక్షణే అవుతుందని, హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డవాడి నుంచి కాపాడేది అదొక్కటేనని ఎవరికీ తట్టలేదు. దొరకడానికి ఒక బటన్ తప్పనిసరి చెయ్యగలిగిన ప్రభుత్వం, దొరక్కుండా ఉండటానికి ఒక మీటను తప్పనిసరి చెయ్యలేదా? సాంకేతికంగా అసాధ్యమని మాత్రం ఇక ఎవరూ అనలేరు. రెండు చిన్న సంస్థలు చేసి చూపించాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని తేల్చి చెప్పింది. ఆ హక్కుకు చేత్తో పట్టుకోగల రూపం ఒకటి ఉంటే అది ఆ మీటే అనిపిస్తుంది నాకు. రికార్డులు అమ్ముకునేవాళ్ళను శిక్షించడం ఎంత అవసరమో, రికార్డు అవ్వాలో వద్దో మనమే నిర్ణయించుకోవడం అంతే అవసరం.

పోయిన సంక్రాంతికి అక్కను చూడటానికి వెళ్ళాను. కేసు ముగిసింది, సొంతంగా ఒక చిన్న ఇంట్లో ఉంటోంది, మళ్ళీ కథలు రాస్తోంది. లిబ్రెమ్, పైన్‌ఫోన్ల సంగతులన్నీ ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఓపిగ్గా విన్నది. తర్వాత బల్ల సొరుగులోంచి ఒక పాత బటన్ ఫోను తీసింది. బజారులో సెకండ్ హ్యాండ్‌ది కొనుక్కుందట. వెనక మూత గోటితో తెరిచి, బ్యాటరీ ఊడదీసి ఫోను పక్కన పెట్టింది.

"నా మీట ఇది. రాసుకునేటప్పుడు తీసేస్తా. మా చెల్లెలితో మాట్లాడాలంటే పెట్టుకుంటా" అంది.

ఇప్పటి ఫోన్లలో బ్యాటరీ అలా ఊడి రాదు, అతికించేస్తున్నారని చెప్పాను. "అదీ తీసేశారూ?" అంది. నా ఫోను కోసం చెయ్యి చాపింది. తిప్పి వెనక వైపు చూసింది, గోటితో అంచు వెంబడి తడిమింది. ఎక్కడా సందు లేదు. ఈసారి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టలేదు. పక్కగదిలో మంచం మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.